యాప్ కావాలన్నారు, రూటు చార్టు ఇచ్చాం: డిజైన్ స్ట్రాటజీ పనిలో నా అనుభవం

"ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లే సర్వీసు మొదలుపెట్టాం. ఒకసారి పిలిచినవాళ్లు మళ్లీ పిలవడం లేదు. మంచి యాప్ ఒకటి చేసిపెట్టండి." కోస్తా జిల్లాల్లో మూడు పట్టణాల్లో ల్యాబులున్న ఒక డయాగ్నొస్టిక్ సంస్థ మా బృందానికి అప్పగించిన పని ఇది. పన్నెండు వారాలు పట్టింది. చివరికి వాళ్లు సంతకం పెట్టిన కాగితంలో యాప్ లేదు. పొద్దున ఆరింటి నుంచి పదింబావు దాకా రక్తం తీసే అబ్బాయి బండి ఏ ఇంటి తర్వాత ఏ ఇంటికి వెళ్లాలన్న చార్టు ఉంది. అతని జీతం లెక్కలో ఒక మార్పు ఉంది. రాత్రి తొమ్మిదింటికి వెళ్లే ఒక వాట్సాప్ మెసేజీ ఉంది.

డిజైన్ స్ట్రాటజిస్టు ఏం చేస్తారని అడిగినవాళ్లకు నేను ఈ ప్రాజెక్టునే చూపిస్తాను. సంస్థ పేరు, అసలు అంకెలు బయటపెట్టకూడదు కాబట్టి డబ్బు లెక్కల్లో గుండ్రటి అంకెలు వాడుతున్నాను. పని జరిగిన తీరు మాత్రం ఉన్నదున్నట్టే.

ఏం తయారుచెయ్యాలి, ఎవరికోసం చెయ్యాలి, ఏది ఇప్పుడు వద్దు అన్నవి తేల్చిపెట్టడం ఈ పని. యూఐ డిజైనర్ చేతికి వెళ్లేసరికి ఫలానా తెర గీయాలని ఖాయమై ఉంటుంది. ప్రొడక్ట్ మేనేజర్ ఖాయమైన వస్తువును వారం వారం ముందుకు నడిపిస్తారు. ఆ ఖాయం చేసేది ఎవరు? చాలా సంస్థల్లో యజమానికి తోచిందే ఖాయం. మా పని అక్కడ మొదలవుతుంది. సర్వీసు వాడే మనిషిని, దాన్ని నడిపే మనిషిని దగ్గర నుంచి చూసి, చూసినదాన్ని రూపాయల్లోకి, నిమిషాల్లోకి తెచ్చి, యజమాని అవునో కాదో చెప్పగలిగేలా ముందుపెట్టాలి. ఈ చివరి ముక్క చాలామంది మర్చిపోతారు. మనుషులను చూసి రావడం దగ్గరే ఆగిపోతే అది పరిశోధన అవుతుంది, స్ట్రాటజీ కాదు.

మొదటి రెండు వారాలు

చేతికొచ్చిన ప్రశ్నను వెంటనే పట్టుకుని పరుగెత్తకూడదు. మొదటి మీటింగులోనే మేం ఒక వాక్యం రాయించుకుంటాం: "ఈ పని అయ్యాక ఎవరు, ఏ తేదీలోగా, ఏ నిర్ణయం తీసుకుంటారు?" ఇక్కడ వచ్చిన జవాబు: మేనేజింగ్ డైరెక్టరు, మార్చి నెలాఖరులోగా, వచ్చే ఏడాది డబ్బు దేనిమీద పెట్టాలన్నది. ఈ వాక్యం రాయలేకపోతే ప్రాజెక్టు ఒప్పుకోకపోవడమే మంచిది. నిర్ణయం తీసుకునే మనిషి లేని ప్రాజెక్టు ఎంత బాగా చేసినా చివరికి పీపీటీగా మిగులుతుంది.

తర్వాత లోపలి మనుషులతో ఒక్కొక్కరితో నలభై నిమిషాలు. ఫైనాన్స్ హెడ్, ల్యాబ్ ఇన్‌చార్జి, కాల్ సెంటర్ సూపర్‌వైజరు, మార్కెటింగ్. అందరినీ ఒకే గదిలో కూర్చోబెడితే పెద్దాయన ఏమంటే అదే మాట అందరూ అంటారు. విడివిడిగా కూర్చోబెడితేనే ఒకే సమస్యకు నాలుగు పేర్లు బయటికొస్తాయి.

దాంతోపాటే డేటా అడగాలి. ఆరు నెలల బుకింగులు గంటలవారీగా, రద్దయినవి, మళ్లీ రక్తం తీయాల్సి వచ్చినవి, ఫిర్యాదు కాల్స్, టెక్నీషియన్ల జీతం స్లిప్పు నమూనా, పెట్రోలు బిల్లులు. జీతం స్లిప్పు ఎందుకని అడుగుతారు. ఇన్సెంటివ్ దేనికిస్తున్నారో తెలియకుండా మనిషి ఎందుకలా చేస్తున్నాడో తెలియదు.

డేటా వచ్చాక దాన్ని నమ్మేముందు ఒక పూట దానితో కుస్తీ పట్టాలి. ఇక్కడ "మళ్లీ పిలవడం లేదు" అన్న అంకెలోనే తేడా ఉంది. వాళ్ల సిస్టమ్‌లో మనిషి అంటే ఫోను నంబరు. అమ్మకు బుక్ చేసేది ఈ నెల హైదరాబాదులో ఉన్న పెద్దకొడుకు, వచ్చే నెల బెంగళూరులో ఉన్న కూతురు. సిస్టమ్ లెక్కలో ఇద్దరు కొత్త కస్టమర్లు, ఒక్కొక్కరు ఒక్కసారే పిలిచారు. పేరు, వయసు, వీధి కలిపి చూసుకుంటే సమస్య కొంత తగ్గింది, కానీ పోలేదు. రెండు ట్రిప్పులు పడే టెస్టు దగ్గర మాత్రం బాగా మిగిలింది. అంటే పరగడుపున ఒకసారి, టిఫిన్ తిన్న రెండు గంటలకు ఒకసారి రక్తం తీసే షుగరు టెస్టు. ఇక ఎక్కడ చూడాలో తెలిసింది.

ఇళ్లకు వెళ్లినప్పుడు

పద్దెనిమిది మందిని ఎంచుకున్నాం. ఎనిమిది మంది పేషెంట్లు, దూరంగా ఉండి డబ్బు కట్టే పిల్లలు నలుగురు, టెక్నీషియన్లు ముగ్గురు, కాల్ సెంటర్ నుంచి ఒకరు, ల్యాబ్ ఇన్‌చార్జి, ఒక డాక్టరు దగ్గరి కాంపౌండరు. పేషెంట్లలో అయిదుగురు ఒకసారి పిలిచి మానేసినవాళ్లే ఉండేలా చూసుకున్నాం. సంస్థ ఇచ్చే లిస్టులో ఎప్పుడూ సంతోషంగా ఉన్న కస్టమర్లే ఉంటారు. మానేసినవాళ్ల నంబర్లు పట్టుబట్టి అడిగి తీసుకోవాలి.

ఆరోగ్యం విషయం కాబట్టి అనుమతి కాగితం తెలుగులో, పెద్ద అక్షరాల్లో, ఒక పేజీలోపు. ఏం అడుగుతాం, ఏం రాసుకుంటాం, ఎప్పుడు చెరిపేస్తాం, మధ్యలో వద్దనుకుంటే ఎవరికి చెప్పాలి. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చాక దీన్ని తేలిగ్గా తీసుకునే వీల్లేదు. అసలు చట్టం లేకపోయినా చెయ్యాల్సిన పనే. ఇంకో నియమం కూడా పెట్టుకున్నాం: పరగడుపున ఉన్న మనిషిని ఇంటర్వ్యూ చెయ్యకూడదు. టిఫిన్ అయ్యాకే కూర్చోవాలి. కళ్లు తిరుగుతున్నాయన్నా, చేతులు వణుకుతున్నాయన్నా మన ప్రశ్నలు పక్కనపెట్టి ముందు ఇంట్లోవాళ్లను పిలవాలి.

ఇద్దరం వెళ్తాం. ఒకరు మాట్లాడతారు, ఒకరు రాస్తారు. యాభై నిమిషాలు దాటనివ్వం. అభిప్రాయం అడగం, జరిగింది అడుగుతాం. "మా సర్వీసు ఎలా ఉందండీ?" అంటే తెలుగిళ్లలో వచ్చే జవాబు ఒకటే: "పర్లేదండీ." ఆ పర్లేదులో చాలాసార్లు "బాలేదు, కానీ మీ మొహాన చెప్పలేను" అని ఉంటుంది. అందుకని "పోయినసారి ఆ అబ్బాయి వచ్చిన రోజు మీరు నిద్రలేచిన దగ్గర్నుంచి ఏం జరిగిందో చెప్పండమ్మా" అని అడగాలి. అప్పుడు గడియారం బయటికొస్తుంది. ఆరున్నరకు వస్తామన్నారు. ఏడయింది. ఫోన్ చేస్తే "దార్లో ఉన్నాడమ్మా" అన్నారు. ఏడున్నరకు నీరసం వచ్చింది. ఎనిమిదింటికి ఇక ఆగలేక కాఫీ తాగారు. ఎనిమిదింబావుకు అబ్బాయి వచ్చాడు. కాఫీ తాగినట్టు చెప్పడానికి మొహమాటపడి చెయ్యి చాపారు. రిపోర్టులో షుగరు ఎక్కువొచ్చింది. డాక్టరు మళ్లీ చేయించమన్నారు. ఆ మళ్లీ టెస్టు మాత్రం వీధి చివర ల్యాబులో చేయించుకున్నారు.

ఇలాంటి మాటలను వెంటనే ఇంగ్లిషులోకి మార్చి రాసుకోవద్దు. నీరసం, ఒంట్లో బాలేకపోవడం, కళ్లు తిరగడం వేరువేరు సంగతులు. ఇంగ్లిషు నోట్సులో మూడూ ఒకే మాటగా మారిపోతాయి. మేం నోట్సు తెలుగులోనే పెడతాం, చివరి రిపోర్టులో అవసరమైన చోటే అనువదిస్తాం. తెలుగు బాగా వచ్చినవాళ్లకు ఈ రంగంలో ఇదొక గట్టి బలం. దాన్ని తక్కువ అంచనా వేసుకునేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

టెక్నీషియన్ వెంట తిరగడం ఇంకా ముఖ్యం. మూడు పొద్దులు, అయిదున్నరకు ల్యాబు దగ్గర్నుంచి మొదలు. అతని బ్యాగు తెరిపించి ఒక్కో వస్తువు ఏ క్రమంలో తీస్తున్నాడో చూశాం. ఐస్ ప్యాకులు రెండు, ట్యూబుల స్టాండు, సూదులు, టోర్నికే పట్టీ, స్పిరిట్ దూది, వాడేసిన సూదులు వేసే డబ్బా. ట్యూబుల్లో ఊదారంగు మూతవి రక్తకణాల లెక్కకు, మూడు నెలల సగటు షుగరు చూపే హెచ్‌బీఏ1సీకి. బూడిదరంగు మూతవి షుగరుకు. వాటిలో ఉండే ఫ్లోరైడు, తీసిన రక్తంలో చక్కెర తరిగిపోకుండా ఆపుతుంది. సమస్య ఏమిటంటే పరగడుపుదీ బూడిద మూతే, తిన్నాక తీసిందీ బూడిద మూతే, రెండింటి మీదా అదే పేరు. తేడా చూపేది అతను బాల్‌పెన్నుతో రాసే ఒక చిన్న అక్షరం. ఐస్ ప్యాకు చెమ్మకు ఆ అక్షరం అలుక్కుపోయి ఉండటం స్టాండులో కళ్లారా చూశాం. మళ్లీ రక్తం తీయాల్సి రావడానికి ఒక కారణం అక్కడే దొరికింది. ఆఫీసులో కూర్చుంటే ఏ డేటాలోనూ దొరికేది కాదు.

అదే పొద్దున ఇంకోటి తెలిసింది. అతను బుకింగు వచ్చిన వరసలో వెళ్తున్నాడు. మొదటి ఇల్లు పట్టణానికి ఈ చివర, రెండోది ఆ చివర, మూడోది మళ్లీ మొదటి ఇంటి పక్క వీధి. ఎందుకని అడిగితే సాఫ్ట్‌వేర్ ఆ వరసలోనే చూపిస్తుందన్నాడు. పైగా ఇన్సెంటివ్ బుకింగుకు ఇంత అని ఉంది, టైముకు వెళ్లినందుకు ఏమీ లేదు. దూరం బుకింగు వదిలేస్తే అతనికి నష్టం.

గోడ మీద చీటీలు

ఒక్కో ఇంటర్వ్యూకు నలభై చీటీల దాకా వస్తాయి, ఒక చీటీకి ఒకే సంగతి. పద్దెనిమిది మందికి ఏడు వందల పైన. వాటిని గోడకు అంటించి, దేనితో ఏది కలుస్తుందో చూసుకుంటూ గుంపులు కట్టాలి. ఈ పద్ధతికి మూలం జపాన్ మానవశాస్త్రవేత్త జిరో కవాకిత. ఆయన ఇంటిపేరు, పేరు మొదటి అక్షరాలు కలిపి దీన్ని కేజే పద్ధతి అంటారు. మూడు రోజులు పడుతుంది. ఒక్క రోజులో ముగించేవాళ్లు ముందే అనుకున్న గుంపుల్లో చీటీలు సర్దుతున్నారని అర్థం. పేషెంటు, టెక్నీషియన్, బుకింగు అని పేర్లు పెట్టుకుని మొదలెట్టారంటే కొత్త సంగతేదీ బయటపడదు. ముందు గుంపు కట్టాలి, పేరు తర్వాత పెట్టాలి.

గుంపుల్లోంచి ఇన్‌సైట్ రాయడం, అంటే చూసినదాని వెనకున్న అసలు కారణాన్ని వాక్యంగా పట్టుకోవడం, అన్నిటికన్నా కష్టమైన పని. మొదట రాసుకున్నది ఇది: "కస్టమర్లకు సౌకర్యంగా ఉండే బుకింగు కావాలి." ఇది ఎవరికైనా, ఏ వ్యాపారానికైనా అతుకుతుంది కాబట్టి చెత్తబుట్టలో వేశాం. నాలుగోసారికి నిలిచింది ఇది: "షుగరున్న పెద్దవాళ్లకు బుకింగు కష్టం కాదు. ఇంకెంతసేపు పరగడుపున కూర్చోవాలో తెలియకపోవడం కష్టం. గంట దాటితే ఏదో ఒకటి నోట్లో వేసుకుంటారు, టెస్టు చెడుతుంది, తప్పు ల్యాబుదే అనుకుంటారు, మళ్లీ పిలవరు." ఎవరు, ఏం చేస్తున్నారు, ఎందుకు, దానివల్ల సంస్థకు ఏం పోతోంది అన్న నాలుగూ అందులో ఉండాలి. చివరిది లేకపోతే ఫైనాన్స్ హెడ్ తల ఎత్తి చూడరు.

ఆ తర్వాత సర్వీస్ బ్లూప్రింట్ గీశాం. 1984లో లిన్ షోస్టాక్ అనే ఆవిడ బ్యాంకింగ్, సేవల రంగం అనుభవంతో ఈ పటం పద్ధతిని ముందుకు తెచ్చారు. పై వరసలో కస్టమరు చేసేవి, మధ్యలో ఆమెకు కనిపించే మన మనుషులు చేసేవి, ఒక గీత, గీత కింద ఆమెకు కనిపించని పనులు. ఆరున్నర నుంచి ఎనిమిదింబావు దాకా పై వరసలో "ఎదురుచూపు" తప్ప ఏమీ లేదు. గీత కింద మాత్రం ఏడు పనులు జరుగుతున్నాయి, వాటిలో ఒక్కటీ ఆమెకు చేరడం లేదు. యజమానికి ఈ కాగితం చూపించినప్పుడు ఆయన వేలు నేరుగా ఆ ఖాళీ మీదికే వెళ్లింది.

రూపాయల లెక్క

ఇక్కడ చాలామంది డిజైనర్లు వెనకడుగు వేస్తారు. అక్కర్లేదు, ఎక్సెల్‌లో పది వరసలు చాలు. టెక్నీషియన్ జీతం 18,000, పెట్రోలు 4,000, నెలకు మొత్తం 22,000 అనుకుందాం. నెలకు 26 రోజులు, రోజుకు 8 ట్రిప్పులు, మొత్తం 208. ట్రిప్పుకు 106 రూపాయలు పడుతుంది. ఇంటికొచ్చినందుకు సంస్థ తీసుకునేది 100. ఆరు రూపాయలే కదా నష్టం అని వాళ్లు అనుకుంటున్నారు. కానీ రెండుసార్లు రక్తం తీసే పేషెంటు ఇంటికి రెండు ట్రిప్పులు. ఖర్చు 212, వసూలు 100. ఆ రెండో ట్రిప్పు వాళ్ల షీటులో ఎక్కడా లేదు, ఎందుకంటే లెక్క బుకింగుల మీద ఉంది. యాప్ వల్ల ఇలాంటి బుకింగులే పెరుగుతాయి. పెరిగిన ప్రతి బుకింగుకూ నష్టం పెరుగుతుంది.

ఈ లెక్క కనపడ్డ రోజు ప్రాజెక్టు దారి మారింది.

మూడు దారులు ముందుపెట్టాం. ఒకటి, వాళ్లడిగిన యాప్. రెండు, కాలనీలోని మందులషాపులో పొద్దున రెండు గంటలు కలెక్షన్ పాయింటు. మూడు, ఒక కాలనీకి ఒక పొద్దు కేటాయించి వరస ఇళ్ల రూటు. నాలుగోది కూడా చర్చకు వచ్చింది: రెండు షుగరు టెస్టుల బదులు ఒక్క హెచ్‌బీఏ1సీ చేయించుకోమని చెప్పడం. దాన్ని మేమే పక్కనపెట్టాం. ఏ టెస్టు చేయించాలో చెప్పాల్సింది డాక్టరు, ల్యాబు వ్యాపారం కోసం అది మారకూడదు.

మూడోదాని చార్టు ఇలా ఉంటుంది. అయిదు ఇళ్లు, ఇరవై నిమిషాల ఎడంతో 6:00, 6:20, 6:40, 7:00, 7:20. శాంపిల్ ఇచ్చిన అరగంటలో టిఫిన్ మొదలుపెట్టాలి. తిన్న తర్వాత రెండు గంటలు అంటే తినడం మొదలుపెట్టినప్పటి నుంచి లెక్క. కాబట్టి రెండో చుట్టు అదే వరసలో 8:30, 8:50, 9:10, 9:30, 9:50. మొదటి చుట్టు 7:40కి అయిపోతుంది, ఆ తర్వాతి యాభై నిమిషాల్లో పరగడుపు శాంపిళ్లు ల్యాబులో దించి రావచ్చు. పదింబావు లోపు పది ట్రిప్పులు పూర్తి. మిగతా రోజులో పరగడుపు అక్కర్లేని నాలుగు ట్రిప్పులు. రోజుకు 14, నెలకు 364, ట్రిప్పుకు సుమారు 60 రూపాయలు. రెండుసార్లు వెళ్లే ఇంటికి 121. ఇంకా 21 రూపాయలు చేతినుంచి పడుతున్నా, అది టెస్టు మీద మిగిలేదాంట్లో సర్దుకుంటుంది. ఇప్పుడు పోతున్న 112 అలా సర్దుకోదు.

పన్నెండు పొద్దుల పైలట్

మూడో దారిని ముందు చిన్న ఎత్తున నడిపి చూశాం. సాఫ్ట్‌వేర్ ముట్టుకోలేదు. ఒక పట్టణం, రెండు కాలనీలు, ఇద్దరు టెక్నీషియన్లు, సోమవారం నుంచి శనివారం దాకా రెండు వారాలు. కాగితం మీద చార్టు, రెండు రంగుల్లో ముందే అచ్చు వేసిన లేబుళ్లు, పరగడుపుకు తెలుపు, తిన్నాక తీసినదానికి పసుపు. కాల్ సెంటర్లో ఒకరు రాత్రి తొమ్మిదింటికి చేత్తో వాట్సాప్ మెసేజీ పంపాలి: "రేపు పొద్దున 6:40కి వస్తాం. రాత్రి 10 తర్వాత ఏమీ తినకండి, మంచినీళ్లు తాగొచ్చు. మందులు, ఇన్సులిన్ విషయం మీ డాక్టరు చెప్పినట్టే." డబ్బు కట్టే పిల్లలకు కూడా అదే మెసేజీ.

కొలిచినవి నాలుగు. చెప్పిన టైముకు పది నిమిషాల అటూఇటూ చేరారా, రెండో శాంపిల్ రెండు గంటలకు పదిహేను నిమిషాల లోపు తీశారా, లేబులు తేడాతో వెనక్కొచ్చినవెన్ని, మళ్లీ పిలుస్తారా. నాలుగోది రెండు వారాల్లో తేలేది కాదు. అందుకని రెండో శాంపిల్ తీశాక "వచ్చే నెల ఏ తేదీకి రాసుకోమంటారండీ?" అని అడిగి, తేదీ చెప్పినవాళ్లను లెక్కపెట్టాం. "చెప్తాంలే బాబూ" అన్నదాన్ని రానట్టే వేసుకున్నాం.

తేడా కొట్టినవి చెప్పాలి, ఎందుకంటే పైలట్ పెట్టేదే అందుకు. ఒక కాలనీలో ఆరింటికి మున్సిపల్ కుళాయి వస్తుంది. బిందెలు వదిలి ఎవరూ తలుపు దగ్గరికి రారు. చార్టును ఆ వీధికి ఆరున్నరకు జరిపాం. రెండోది, శనివారం. వెంకటేశ్వరస్వామికి ఒక్కపొద్దు ఉండేవాళ్లు టిఫిన్ తినరు, రెండో శాంపిలుకు అర్థమే లేదు. శనివారాలకు ఆ టెస్టు బుకింగు తీసుకునేముందు "ఆ రోజు ఉపవాసం ఉంటారా" అని అడగడం చేర్చాం. కార్తీక సోమవారాలకూ ఇదే. మూడోది, అపార్టుమెంటు వాచ్‌మన్ ఆరింటికి లోపలికి వదలకపోవడం. నాలుగోది అసలైంది: మొదటి వారం చార్టులో టైములన్నీ అచ్చు గుద్దినట్టు సరిపోయాయి. అలా సరిపోతే అనుమానించాలి. చూస్తే సాయంత్రం కూర్చుని గుర్తున్నంతలో నింపుతున్నారు. వాళ్లది తప్పు కాదు, చేతికి గ్లౌజులుండగా పెన్ను పట్టమనడం మా తప్పు. రెండో వారం నుంచి ట్యూబు మీది కోడును, పేరు కనిపించకుండా, ఒక ఫోటో తీసి పంపమన్నాం. టైము దానంతటదే పడుతుంది. మొదటి వారం టైములు మా లెక్కలోంచి తీసేశాం.

టెక్నీషియన్ల ఇన్సెంటివ్ మార్చకపోతే ఇది నెలలో కూలిపోతుందని కూడా పైలట్‌లోనే తేలింది. రూటులో ఉన్నంతసేపు దూరం బుకింగులు వేరేవాళ్లకు వెళ్తున్నాయి. బుకింగుకు ఇంత అన్నదాన్ని, టైముకు పూర్తయిన పొద్దుకు ఇంత అని మార్చమన్నాం. ఇది డిజైనర్ల పనేనా అని అడుగుతారు. సర్వీసు నడిచేది అతని చేతుల మీద అయినప్పుడు, అవును.

నిర్ణయం కాగితం ఒకే పేజీ. పైన ఏ నిర్ణయం అడుగుతున్నామో ఒక వాక్యం. కింద మూడు దారులు, ఒక్కోదానికి ఖర్చు, లాభం, పట్టే కాలం. పైలట్‌లో చూసింది. ఇంకా తెలియనిది. ఏది ఆపెయ్యమంటున్నామో. మీటింగుకు రెండు రోజుల ముందే ఫైనాన్స్ హెడ్ దగ్గర కూర్చుని ప్రతి అంకె సరిచూసుకున్నాం. అందరి ముందు ఒక్క అంకె తప్పని తేలితే మిగతా పదకొండు వారాల పనీ దాంతోపాటే పోతుంది.

ఈ పనిలోకి ఎలా రావాలి

దీనికి ఫలానా డిగ్రీయే ఉండాలని లేదు. ఇంజినీరింగ్, ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్, సోషియాలజీ, ఎంబీఏ, నర్సింగ్ నుంచి కూడా వస్తారు. కానీ డిజైన్‌లో మాస్టర్స్ చేస్తే తలుపు తొందరగా తెరుచుకుంటుంది.

ఇంటర్ తర్వాత అయితే బీడెస్ (డిజైన్‌లో డిగ్రీ) కోసం యూసీడ్ అనే ప్రవేశపరీక్ష రాయొచ్చు. మన దగ్గర కందిలోని ఐఐటీ హైదరాబాదులో ఆ కోర్సుంది. డిగ్రీ అయ్యాక ఎండెస్ (డిజైన్‌లో మాస్టర్స్) కోసం సీడ్. రెండూ ఐఐటీ బాంబే నిర్వహించేవే, ఏటా జనవరిలో జరుగుతాయి. సీడ్‌లో పార్ట్ ఎ కంప్యూటర్ మీద గంట, వడపోత అక్కడే. పార్ట్ బి రెండు గంటలు, కాగితం మీద గీసి, రాసి చూపాలి. తుది స్కోరులో పార్ట్ బి వాటా 75 శాతం. మనవాళ్లు ఎంసెట్ అలవాటుతో పార్ట్ ఎ కోచింగుకే ఆరు నెలలూ పెట్టి అక్కడ గట్టెక్కుతారు, బి దగ్గర జారుతారు. రోజూ అరగంట ఒక వస్తువునో, ఒక మనిషి చేసే పనినో చూసి గీయడం, దాని పక్కన ఎక్కడ ఇబ్బంది పడుతున్నారో రెండు వాక్యాలు రాయడం అలవాటు చేసుకోవాలి. బొమ్మ అందంగా ఉండక్కర్లేదు, ఏం జరుగుతోందో తెలియాలి. సీడ్‌కు వయసు పరిమితి లేదు, ఎన్నిసార్లైనా రాయొచ్చు, స్కోరు ఒక్క ఏడాదే చెల్లుతుంది.

రెండో దారి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్, అంటే ఎన్‌ఐడీ. అమెరికన్ డిజైనర్లు ఈమ్స్ దంపతులు 1958లో ఇచ్చిన నివేదిక ఆధారంగా 1961లో అహ్మదాబాదులో మొదలైంది. వాళ్ల ఎండెస్‌లో స్ట్రాటజిక్ డిజైన్ మేనేజ్‌మెంట్ అని విడిగా ఒక విభాగమే ఉంది, అది నడిచేది గాంధీనగర్ క్యాంపస్‌లో. ప్రవేశం డ్యాట్ అనే పరీక్ష ద్వారా, ప్రిలిమ్స్, మెయిన్స్. ఆంధ్రప్రదేశ్‌లోని ఎన్‌ఐడీ 2015లో మొదలైంది, బీడెస్ చదవాలనుకునేవాళ్లకు దగ్గరి దారి. పరీక్ష తీరు ఏటా కొద్దికొద్దిగా మారుతుంది కాబట్టి ఆ ఏడాది బ్రోచరే ప్రమాణం.

అమెరికా వెళ్లాలనుకునే పిల్లలు న్యూయార్కులో పార్సన్స్, షికాగోలో ఇలినాయ్ టెక్ వారి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ చూస్తుంటారు. ఫీజుకన్నా ముందు అడగాల్సిన ప్రశ్న, ఆ కోర్సు స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో ఉందా లేదా అన్నది. ఉంటే చదువయ్యాక 12 నెలల ఓపీటీకి (అక్కడే పనిచేసే అనుమతికి) మరో 24 నెలలు అడగొచ్చు. లేకపోతే ఏడాదిలో వీసాకు స్పాన్సర్ చేసే కంపెనీ దొరకాలి. అప్పు చేసి వెళ్లేవాళ్లకు ఈ తేడా చాలా పెద్దది.

కొత్తవాళ్లకు డిజైన్ స్ట్రాటజిస్టు అన్న పేరుతో ఉద్యోగం దొరకడం అరుదు. యూఎక్స్ రీసెర్చర్ (వాడేవాళ్ల అనుభవాన్ని పరిశోధించేవారు), సర్వీస్ డిజైనర్, ప్రొడక్ట్ అనలిస్టు పేర్లతో వెతకండి. మూడు నాలుగేళ్లు మనుషులతో మాట్లాడటం, చీటీలు గుంపు కట్టడం చేత్తో చేసినవాళ్లకే ఈ బాధ్యత ఇస్తారు. ఇప్పటికే ఉద్యోగంలో ఉన్నవాళ్లకు తేలికైన దారి, సొంత కంపెనీలోనే కస్టమర్లు ఎందుకు మానేస్తున్నారో చూసే పనిని అడిగి తీసుకోవడం.

చేసిన పనులు చూపించే పోర్ట్‌ఫోలియోల్లో నేను చూసే తప్పు ఒకటే. ముప్ఫై పేజీల తెరలు, మధ్యలో ఒక పేజీ రీసెర్చ్, చివర్న థాంక్యూ. మాకు కావాల్సింది రెండు మూడు ప్రాజెక్టులు చాలు. ఒక్కోదాంట్లో మీకిచ్చిన ప్రశ్న, మీరు మార్చిన ప్రశ్న, ఎందుకు మార్చారో చూపే రుజువు, వదిలేసిన దారులు, పెట్టిన చిన్న పైలట్, అందులో చెడిపోయింది, చివరి నిర్ణయం. డబ్బు లెక్క కనీసం ఒక పేజీ. ఇంటర్వ్యూలో సాధారణంగా ఒక కేసు, అంటే విప్పిచూపాల్సిన ఒక వ్యాపార సమస్య ఇస్తారు, నలభై అయిదు నిమిషాలు. వెంటనే పరిష్కారం చెప్పేవాళ్లు అక్కడే పోతారు. మొదటి పది నిమిషాలు ప్రశ్నలకే వాడండి: ఈ నిర్ణయం ఎవరిది, ఎప్పటిలోగా, ఇప్పుడు దీనికి ఎంత ఖర్చవుతోంది.

ప్రాజెక్టులు ఎక్కడ దొరుకుతాయని అడుగుతారు. మీ ఊళ్లో ఆర్టీసీ కార్గో కౌంటరు దగ్గర, మీసేవ దగ్గర, పాలకేంద్రం దగ్గర అనుమతి అడిగి మూడు పొద్దులు, పొద్దుకు రెండు గంటలు నిలబడండి. ఎవరు ఎంతసేపు ఆగారు, ఏం అడిగారు, దేనికి వెనక్కి వెళ్లారు, నిమిషాలతో సహా రాయండి. వెనక్కి వెళ్లిన అయిదుగురితో మాట్లాడండి. ఒక బ్లూప్రింట్ గీయండి. నడిపేవాళ్లు రూపాయి ఖర్చు లేకుండా రేపే చెయ్యగలిగే ఒక మార్పు, ఒక కాగితం బోర్డైనా సరే, వాళ్లతోనే కలిసి వారం పెట్టి చూడండి. తర్వాత మళ్లీ అదే టైములో నిలబడి అవే నిమిషాలు మళ్లీ రాయండి. ఆ రెండు షీట్లూ పక్కపక్కన పెడితే పోర్ట్‌ఫోలియోలో మొదటి ప్రాజెక్టు తయారైనట్టే.